ఒడ్డున నిలబడినదెవరు? – తెలుగులో సముద్రతీర జీవన చిత్రణ

తెలుగువారు సముద్రతీరాన్ని ఇవాళ రెండు మాటలతో పిలుస్తున్నారు. ఒకటి బీచ్, రెండోది ఒడ్డు. విశాఖపట్నంలోగాని, చెన్నైలోగాని, పూరీలోగాని సాయంత్రం పూట పిల్లల్ని వెంటబెట్టుకొని బయలుదేరే గృహస్థు ‘బీచ్‌కి వెళ్తున్నాం’ అంటాడు. రాత్రంతా నీటి మీద గడిపి పొద్దుటే పడవ దిగే మనిషి ‘ఒడ్డుకొచ్చాం’ అంటాడు. ఇసుక ఒకటే, కెరటం ఒకటే. మొదటి మనిషి నేల వైపునుంచి వచ్చి అక్కడ ఆగాడు. రెండో మనిషి నీటి వైపునుంచి వచ్చి అక్కడికి చేరాడు. ఒకరికి అది ఊరు ముగిసే చోటు, మరొకరికి ఊరు మొదలయ్యే చోటు.

మేము చదివినంతలో, చూసినంతలో తెలుగు సాహిత్యం, దాని వెనకే తెలుగు సినిమా, ఎక్కువగా మొదటి మనిషి చూసిన తీరాన్నే చిత్రించాయి. రెండో మనిషి తీరం మన పలుకుబళ్లలో పదిలంగా ఉంది కాని పుస్తకాల్లో పలచబడింది. ఈ దూరాన్ని గుర్తించడం విమర్శకుడి పని అని మా అభిప్రాయం. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుతున్న విద్యార్థులకు ఇది మరీ దగ్గరి విషయం. మీలో కొందరి ఇళ్లు ఆ రెండో మనిషి ఇళ్లే.

ముందుగా ఒక వాస్తవమైన ఊరును చూద్దాం. పూరీ పట్టణంలో చక్రతీర్థం వైపు తూర్పుగా పోతే పెంఠకటా అనే పెద్ద మత్స్యకార వాడ వస్తుంది. అక్కడి ఇళ్లలో ఎక్కువగా వినిపించేది తెలుగు. ఉత్తర కోస్తా తీరంనుంచి తరాల క్రితం వేట వెంబడి వచ్చి నిలిచిపోయిన కుటుంబాలవి. బడి ఒడియాలో, బజారు బేరం ఒడియాలో, యాత్రికులతో మాట బెంగాలీలో, వేట మాత్రం తెలుగులో. ఇన్ని భాషల నడుమ బతికే ఊరు భాషాశాస్త్ర విద్యార్థికి ఒక పాఠశాల. అక్కడికి కొద్ది దూరంలోనే పూరీ ‘గోల్డెన్ బీచ్’ ఉంది. శుభ్రతకు, సదుపాయాలకు ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు దానికి 2020లో వచ్చింది. ఒకే తీరం మీద ఒక చోట బీచ్, ఒక చోట ఒడ్డు.

యాత్రికుడికి ఈ మనుషులు తెలిసేది చాలావరకు ఒకే రూపంలో. కోసుగా ఉండే తెల్లటోపీ పెట్టుకొని, స్నానానికి దిగినవారి చెయ్యి పట్టుకొని కెరటం దాటించే ‘నోలియా’గా. పూరీ గురించి రాసిన బెంగాలీ యాత్రికులు అతణ్ణి ‘నులియా’ అన్నారు. ఇది ఆ మనుషులు తమకు పెట్టుకున్న పేరు కాదు. 1909లో వెలువడిన థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో నోలియా అన్నది తెలుగు జాలారులకు ఒడియావారు వాడే పేరుగా నమోదయింది. ‘జాలారి’ అనే మాటకు ‘జాల’ మూలమనీ, అంటే వల అనీ అదే గ్రంథం చెబుతుంది. ఒక పేరులో పనిముట్టు ఉంది, రెండో పేరులో పరాయివాడి పిలుపు ఉంది. బర్మాలో తెలుగువారిని కోరంగి రేవు పేరున ‘కోరంగీలు’ అన్నదీ ఇలాగే. రెండు చోట్లా పేరు పెట్టినవారు నేల మీదివారు, పెట్టించుకున్నవారు నీటి దారిన వచ్చినవారు. కాబట్టి తీరం మీద రాసిన ఏ రచనలోనైనా అక్కడి మనిషిని ఏ పేరుతో పిలిచారన్నది చిన్న విషయం కాదు.

ఇక మన భాష వైపు చూద్దాం. ఆపదనుంచి బయటపడితే ‘ఒడ్డున పడ్డాం’ అంటాం. కష్టం తీరితే ‘గట్టెక్కాం’ అంటాం. ఆశ్రయం దొరికితే ‘దరి చేరాం’, దొరకకపోతే ‘దిక్కూ దరీ లేదు’. బతుకులోని హెచ్చుతగ్గులు ‘ఆటుపోట్లు’. మేలు మరచినవాడు ‘ఏరు దాటి తెప్ప తగలేసినవాడు’. ఆలోచన లేని నడక ‘గాలివాటు’. వీటిలో కొన్ని ఏటి మాటలు, కొన్ని చెరువు మాటలు, ఆటుపోట్లు మాత్రం కడలి మాట. ఆ విభజన అటుంచి ఒక్క సంగతి గమనించండి. వీటిలో ఎక్కువ పలుకుబళ్లలో మాట్లాడే మనిషి నీటిలో ఉన్నాడు, నేల కోసం చూస్తున్నాడు. సముద్రం ముఖం ఎరుగని పల్లెలో పుట్టిన తెలుగువాడు కూడా అప్పు తీరగానే ఒడ్డున పడతాడు. భాష పడవలో కూర్చుని ఆలోచించింది.

కావ్యాలకు వచ్చేసరికి ఈ చూపు దిశ మారింది. మహాకావ్యానికి ఉండవలసిన వర్ణనలను దండి తన ‘కావ్యాదర్శం’లో పట్టికగా చెప్పాడు. నగరం మొదటిది, సముద్రం రెండోది, ఆ వెనక పర్వతం, ఋతువులు, చంద్రోదయ సూర్యోదయాలు. తరవాతి ఆలంకారికుల చేతిలో ఇవి అష్టాదశ వర్ణనలుగా స్థిరపడ్డాయి. మన ప్రబంధకవులు ఈ నియమాన్ని శిరసావహించారు. సముద్రవర్ణన చేయాలి కాబట్టి చేశారు, చాలాసార్లు గొప్పగా చేశారు. అది వారి లోపమని మేము అనడం లేదు. అయితే నియమం కోసం వర్ణించిన సముద్రం అలంకారాలకు ఆలవాలమయింది. అందులో రత్నాలున్నాయి, బడబాగ్ని ఉంది, మైనాకుడున్నాడు. వల ఆరేసుకునే మనిషికి అందులో చోటు తక్కువ.

ఆశ్చర్యమేమంటే, నీటిలో ఉన్న మనిషిని తలచుకున్న పాత రచన మనకు ఒక శాసనంలో కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. తుఫానుకు చిక్కి దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాము సుంకం మాత్రమే తీసుకొని మిగతాది వదిలిపెడతామని దాని సారాంశం. ప్రాణాలకన్న ధనమే మిన్న అనుకొని సముద్రం మీద సాహసించేవారి మీద దయతో ఈ మాట ఇస్తున్నట్టు అందులో ఉంది. సుంకం పట్టిక కూడా ఉన్న వ్యవహార పత్రమది. అయినా దాని చూపు ఓడలోంచి ఒడ్డు వైపుకు సాగింది. ‘ఒడ్డున పడ్డాం’ అనే పలుకుబడికి అదొక రాజపత్రం లాంటిది.

తమిళనాట చదువుతున్న విద్యార్థులు ఇక్కడ ఒక పోలికను తేలికగా అందుకోగలరు. సంగం కవిత్వం నేలను అయిదు తిణైలుగా విభజించి, సముద్రతీరానికి ‘నెయ్దల్’ అని పేరుపెట్టి, ఎదురుచూపుతో కూడిన దిగులును దాని భావంగా నిర్ణయించింది. అక్కడి మనుషులు పరదవర్లు. వారి వలలు, ఉప్పుమడులు, ఎండుచేపలు కవితా సామగ్రిలో భాగాలు. ‘నట్రిణై’ 45వ పద్యంలో రథాలెక్కి తిరిగే ఒక పట్నవాసి పరదవర్ల పిల్లను కోరి వస్తాడు. ఆమె చెలికత్తె అతన్ని దూరంగా నిలబడమంటుంది. మేము చేపలు కోసేవాళ్లం, ఎండబెట్టిన ముక్కల మీద వాలే పక్షులను తోలేవాళ్లం, మా ఒంటినిండా నీచువాసన, మాకు మా వాళ్లున్నారు పో అని దాని భావం. బీచ్‌కి వచ్చిన మనిషికి ఒడ్డు మనిషి ఇచ్చిన జవాబు ఇంత పాతది! తెలుగులో మార్గకావ్యం ఈ తిణై విభజనను తీసుకోలేదు. దానికి చారిత్రక కారణాలున్నాయి. ఫలితం మాత్రం ఇది: సముద్రం మనకు వర్ణనాంశమయింది, నివాసం కాలేదు.

రచయిత ఎటు నిలబడ్డాడో తేల్చడానికి ఒక సులువైన కొలబద్ద ఉంది. అది ఎండ. తీరం అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది మెరిసే ఎండ. వ్యాపార ప్రకటనల్లో ఆ ఎండ ఒక సుఖం. ఒడ్డున కాపురమున్నవారికి అది పనివాడు. తెలుగులో ఎండ అనే నామం, ఎండు అనే క్రియ ఒకే ధాతువుకు చెందినవి. మన భాషకు ఎండ అంటే మెరిసేది అనే కంటే ఎండబెట్టేది అనే ఎరుకే ముందు. ఎండుచేప అందుకు సాక్ష్యం. దాన్నే ఒడియావారు ‘శుఖుఆ’ అంటారు, అదీ శుష్కించడంనుంచి పుట్టిన మాటే. తెప్ప సంగతి చూడండి. దుంగలను తాళ్లతో కట్టి చేసే తెప్పను వేటనుంచి రాగానే విప్పి, నీరు పీల్చుకున్న దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవారు, మళ్లీ కట్టేవారు. నూలు వలలు, జనపనార వలలు ఎండ తగలకపోతే కుళ్లిపోయేవి. నైలాను వల వచ్చాక ఆ పని తగ్గింది. ఫైబరు పడవ వచ్చాక దుంగలు విప్పే పనీ తగ్గింది. చేప మాత్రం ఇంకా ఎండలోనే ఉంది, దాన్ని తిరగేసి మరగేసే ఆడవాళ్లూ ఎండలోనే ఉన్నారు. కాబట్టి తీరం మీద ఏ కథ చదివినా ‘ఇందులో ఎండ మెరుస్తున్నదా, ఎండబెడుతున్నదా?’ అని అడగవచ్చు.

దీనికి అనుబంధంగా మరొకటి. తూర్పుతీరంలో, ఉదాహరణకు విశాఖలో, పొద్దు సముద్రంలోంచి పుడుతుంది, కొండల వెనక కుంకుతుంది. మన తీరాన్ని వర్ణిస్తూ సూర్యుణ్ణి సముద్రంలో ముంచే రచయిత పడమటి తీరంనుంచో, సినిమా పోస్టరునుంచో సముద్రాన్ని అరువు తెచ్చుకున్నాడని తెలిసిపోతుంది.

ఈ కొలతలతో మూడు సినిమాలను చూద్దాం. సినిమాలే ఎందుకంటే, వెలుపలి తెలుగు విద్యార్థులకు పుస్తకాలకన్నా ముందు అందుతున్న తెలుగు అదే. కె.బాలచందర్ ‘మరోచరిత్ర’ (1978) విశాఖ తీరాన నడిచిన కథ. ఇరుగుపొరుగు ఇళ్ల తమిళ యువకుడు, తెలుగు యువతి ప్రేమించుకుంటారు. చెన్నైలో అది తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. రెండు భాషల మధ్య నలిగే ప్రేమను అంత సూటిగా చెప్పిన చిత్రం అరుదు. అందులో తీరం ప్రేమికులు కలుసుకునే చోటు, వారు కడతేరే చోటు. ఇళ్లలో దొరకని ఏకాంతం అక్కడ దొరుకుతుంది. కాని ఏకాంతం ఎవరికి? ఒడ్డున కాపురమున్నవారికి అది వాకిలి. వాకిట్లో ఏకాంతముండదు. బాలచందర్ తీరం శక్తిమంతమైనదే, అయినా అది బీచ్.

సానా బుచ్చిబాబు ‘ఉప్పెన’ (2021) ఒడ్డు మనిషిని నాయకుణ్ణి చేసింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఇది ముందడుగే. ఉప్పెన అనే మాట తెలుగువారికి అలంకారం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. ఆ మాటను ప్రేమకు పేరుగా పెట్టినప్పుడు ఆ బరువును మోయాలి. చిత్రంలో అసలు బరువు కులగౌరవం పేరిట జరిగే హింస మీద ఉంది. ఆ మేరకు అది ధైర్యమైన పనే. సముద్రం మాత్రం మళ్లీ ప్రేమకు నేపథ్యంగా వెనక్కి జరిగింది.

చందు మొండేటి ‘తండేల్’ (2025) మరికొంత దూరం వెళ్లింది. 2018లో గుజరాత్ పడవల్లో పనిచేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడిన శ్రీకాకుళం మత్స్యకారుల ఉదంతం దీనికి ఆధారం. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. దేశభక్తి దృశ్యాల హోరు మాకు రుచించలేదు, జైలు ఘట్టాల్లో మనుషులకన్న నినాదాలు ఎక్కువయ్యాయి. కాని రెండు సంగతులకు ఈ చిత్రాన్ని మెచ్చుకోవాలి. మొదటిది దాని పేరు. తండేల్ అంటే పడవ మీది జట్టుకు నాయకుడు. పడమటి తీరంనుంచి వచ్చిన మాట. మహారాష్ట్రలో చదువుకునేవారికి కోలీలలో ఇంటిపేరుగా ఇది పరిచితమే. మన లాంచీల మీది ‘సరంగు’ ఫారసీనుంచి వచ్చినట్టే, ఈ మాట వలసకూలీ వెంట శ్రీకాకుళం చేరింది. పడవ మీది మాటకు రాష్ట్రం సరిహద్దు లేదు. రెండోది, ఒడ్డున మిగిలిన స్త్రీ ఎదురుచూపుకు, ఆమె కోపానికి కథలో ఇచ్చిన స్థానం. మొదటి సగంలో ఆమె భయమే కథను నడిపిస్తుంది. తెలుగు మార్గకావ్యం తీసుకోకుండా వదిలిన నెయ్దల్ భావం ఇన్ని శతాబ్దాల తరవాత ఒక వ్యాపారచిత్రంలో తిరిగి పలికింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఒడ్డున పుట్టినవాడే ఒడ్డు గురించి రాయాలా అని. అక్కర్లేదు. తకళి శివశంకర పిళ్లై మత్స్యకారుడు కాడు. ఆయన ‘చెమ్మీన్’ (1956) మలయాళాన్ని దాటి దేశమంతటికీ ఆ తీరాన్ని చూపింది. అయితే భార్య శీలమే కడలిలో భర్తకు రక్ష అనే నమ్మకం మీద ఆ నవలను నిలబెట్టినందుకు, అది మా బతుకేనా అని ఆ తీరంవారే ప్రశ్నించారు. ఆ ప్రశ్నా న్యాయమైనదే, నవలా గొప్పదే. తమిళంలో జో డి క్రూజ్ ‘ఆళి సూళ్ ఉలగు’ (2004) ఒడ్డున పుట్టిన మనిషి రాసినది, మూడు తరాల పరదవర్ల కథ వారి మాటలోనే సాగుతుంది. బయటనుంచి వచ్చినవాడికి కుతూహలం ఉంటుంది, లోపలివాడికి మాట ఉంటుంది. మంచి సాహిత్యానికి రెండూ కావాలి. మన దగ్గర మొదటిది ఎక్కువై రెండోది తక్కువయింది. మా ఫిర్యాదు అంతే.

తక్కువ కావడానికి కారణాల్లో బడి ఒకటి. మా పరిశోధన విద్యార్థుల్లో తీరప్రాంతాలనుంచి వచ్చినవారు తరగతిలో ‘వేట’ అని, ఇంట్లో ‘ఏట’ అని పలకడం మేము ఏళ్లుగా వింటున్నాం. పదం మొదట్లో ఎకార ఏకారాల ముందు వకారం జారిపోవడం తెలుగులో విస్తృతంగా ఉన్న మార్పు. దానికి నియమముంది, వ్యాప్తి ఉంది. ఉపాధ్యాయుడు దాన్ని ఎర్రసిరాతో దిద్దినప్పుడు పిల్లవాడు నేర్చుకునేది వకారం ఒక్కటే కాదు. తన ఇంటి మాట కాగితానికి పనికిరాదని కూడా నేర్చుకుంటాడు. తెలుగు బడే లేని చోట, అంటే పెంఠకటా లాంటి చోట, దిద్దేవారు కూడా ఉండరు. మాట మౌఖికంగానే ఉండి, పనితోపాటు తరిగిపోతుంది. తెప్ప పోతే తెప్పలోని ఒక్కొక్క దుంగ పేరూ పోతుంది. 2019 మే 3న ‘ఫణి’ తుఫాను పూరీ వద్ద తీరం దాటినప్పుడు ఎగిరిపోయిన కప్పుల లెక్క ఎవరో ఒకరు రాసుకున్నారు. ఇలా పోయే మాటలకు లెక్క రాసేవారు లేరు.

రాయవచ్చునని తెలుగులో ఒకసారి రుజువయింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం రైతుల నోటినుంచి వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి శాస్త్రానికి అప్పగించింది. నాగలి భాగాలకు దక్కిన ఆ గౌరవం సరిహద్దుకు అవతల ఉన్న తెప్ప భాగాలకూ దక్కాలి. ఆ పనికి కావలసినవారు రాజధానుల్లో లేరు. బరంపురంలో, పూరీలో, చెన్నైలో, యానాంలో, ముంబయిలో ఉన్నారు. అంటే మీరే.

కనుక మా సూచన ఇది. తీరం మీద రాసినది ఏది చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. చెప్పే మనిషి నేల మీద నిలబడ్డాడా, నీటిలోంచి వస్తున్నాడా? ఎండ ఏం పని చేస్తోంది? అక్కడి మనుషులను ఎవరు పెట్టిన పేరుతో పిలిచారు? మూడింటికీ జవాబు దొరికితే ఆ రచన మీద తీర్పు సగం తేలినట్టే. తరవాత ఇంటికి వెళ్లి మీ పెద్దలనడిగి, పడవకు, వలకు, గాలికి, ఎండుచేపకు వాళ్లు వాడే మాటలు ఒక పుస్తకంలో రాయండి. వారు పలికినట్టే రాయండి, దిద్దవద్దు. తెలుగు లిపి చేతికి రాకపోతే ఒడియాలోనో, తమిళంలోనో రాయండి. లిపి మార్చడం మాకు ఒక పూట పని. పోయిన మాటను తేవడం ఎవరి పనీ కాదు.